కొత్త రుచి తినేముందు కడుపును అడగండి



ఈ వారం పాఠానికి మారతహళ్ళి నుంచి ఒక చెల్లెమ్మ రాసిన ఉత్తరం కారణం. పుట్టినూరు చిత్తూరు జిల్లా, మెట్టినిల్లు బెంగళూరు. ఆమె భర్త, ఆయన ఆఫీసు స్నేహితులు నలుగురు కలిసి ఒక పందెం పెట్టుకున్నారట. ప్రతి శనివారం ఇంతవరకు తినని పదార్థం ఒకటి తినాలి. పచ్చి చేప అయింది, నాగాలాండ్ వాళ్ళ పులిసిన సోయా అయింది, ఫ్రేజర్ టౌన్ మాస్క్ రోడ్డులో పాయా, భేజా అయ్యాయి. ఇప్పుడు దురియన్ పండు వంతు. "నాకు ఐదో నెల. నన్ను కూడా రుచి చూడమని బలవంతం చేస్తున్నారు. మన ఒంటికి ఇవి పడతాయా?" అని అడిగింది. ఉత్తరం అడుగున చిన్న అక్షరాలతో ఇంకో మాట కూడా రాసింది. దాని సంగతి చివర్లో చెబుతాను. నిజానికి ఉత్తరం మొత్తంలో నన్ను కలవరపెట్టింది ఆ ఒక్క మాటే.

ముందు ఆ భర్త గారిని తిట్టాలని ఎదురుచూసే పాఠకులకు నిరాశే. కొత్త రుచి చూడాలనే కోరిక తప్పు కాదు. మనం రోజూ తినేవాటిలో చాలా భాగం ఎవరో ఒకరికి వింతే. ఇంగువ సంగతే చూడండి. యునానీలో దీన్ని హిల్తీత్ అంటారు. అఫ్ఘనిస్తాన్, ఇరాన్ కొండల్లో పెరిగే మొక్క వేరుకు గాటు పెడితే కారే జిగురు అది. మన దేశంలో ఆ మొక్కను సాగు కోసం మొదటిసారి నాటింది 2020 అక్టోబరులో, హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో. అంతవరకు మన పప్పులో పడిన ఇంగువ అంతా దిగుమతి సరుకే. దాని వాసన భరించలేక యూరప్ వాళ్ళు దానికి దయ్యం పెంట అని పేరు పెట్టారు. మనకేమో ఇంగువ పోపు వాసన వస్తే ఆకలి పుడుతుంది. కమ్మనహళ్ళి వైపు ఈశాన్య రాష్ట్రాల పిల్లలు నడిపే హోటళ్ళ ముందు ముక్కు మూసుకుని నడిచేవారు ఇంటికి వెళ్ళి తమ పోపుల డబ్బా ఒకసారి మూత తీసి చూసుకోవాలి.

ఒకరికి కంపు, ఇంకొకరికి కమ్మదనం ఎందుకవుతుంది? యునానీ వైద్యులు దీనికి రెండు మాటలు చెబుతారు. ఒకటి మిజాజ్, అంటే పుట్టుకతో వచ్చిన శరీర స్వభావం. రెండోది ఆదత్, అంటే అలవాటు. వేడి స్వభావం ఉన్న మనిషికి, చల్లటి స్వభావం ఉన్న మనిషికి ఒకే పదార్థం ఒకేలా పనిచేయదు. అయితే ఏళ్ళ తరబడి తిన్న పదార్థం స్వభావానికి కాస్త విరుద్ధమైనా శరీరం సర్దుకుపోతుంది. అందుకే మా ఉస్తాద్ రోగి నాడి పట్టుకోగానే "చిన్నప్పుడు మీ ఇంట్లో ఏం వండేవారు?" అని అడిగేవారు. అప్పట్లో అది కాలక్షేపం కబురు అనుకునేవాణ్ణి.

రుచుల లెక్క కూడా తెలుసుకోండి. మనకు ఉగాది పచ్చడిలో ఆరు రుచులు. యునానీలో తొమ్మిది. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు మనకూ ఉన్నవే. వీటితో పాటు జిడ్డు రుచిని దసిమ్ అనీ, నాలుక ముడుచుకుపోయే గట్టి వగరును అఫిస్ అనీ, ఏ రుచీ లేని చప్పదనాన్ని తఫిహ్ అనీ విడిగా లెక్కపెట్టారు. కారం, చేదు, ఉప్పు వేడి వైపు మొగ్గుతాయి. పులుపు, వగరు చల్లదనం వైపు. చేదును, ఘాటు వాసనను నాలుక మొదట అనుమానించడం సహజం. ప్రకృతిలో విషాలు చాలావరకు చేదుగా ఉంటాయి, కుళ్ళిన మాంసం కంపు కొడుతుంది. నాలుక, ముక్కు రెండూ కడుపు వాకిట్లో కాపలాదారులు. కాపలావాడికి కొత్త మనిషిని పరిచయం చేయాలంటే ఒకసారి చాలదు. చిన్నపిల్లలకు కాకరకాయ అలవాటు కావాలంటే పది పదిహేను సార్లు కొద్దికొద్దిగా పెట్టాల్సి వస్తుంది. పెద్దలకూ అంతే. మొదటిసారి కాఫీ తాగి ఎవరు మొహం చిట్లించలేదు?

అయితే నాలుకకు నచ్చడం వేరు, ఒంటికి పడటం వేరు. ఈ తేడా నాకు తెలియక కాదు, ఒక్కరోజు మరిచిపోయాను. ఆ సంగతి చెప్పకుండా మీకు పాఠం చెప్పే అర్హత నాకు లేదు.

కొన్నేళ్ళ క్రితం మా దవాఖానాకు కడప వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దాయన ఒకరు వచ్చేవారు. అజీర్ణం, గ్యాస్. జీలకర్ర, శొంఠి కలిసిన జవారిష్ కమ్మూనీ ఇస్తే తగ్గేది. ఒకసారి వచ్చినప్పుడు, "హకీమ్ సాబ్, మావాడు జపాన్ కంపెనీలో పని చేస్తాడు కదా, అక్కడివాళ్ళు తినే నట్టో అంట, చిక్కుడు గింజల్లాంటివి తెచ్చాడు. తీగలు తీగలుగా సాగుతుంది, పాత సాక్సుల కంపు. రక్తం పలచన చేస్తుంది, గుండెకు మంచిదంట. తినమంటారా?" అన్నారు. నట్టో అంటే ఉడికించి పులియబెట్టిన సోయా గింజలు. పులిసింది జీర్ణానికి మంచిదే కదా అని, "తినండి అన్నా, కొంచెం కొంచెం" అన్నాను. వాడుతున్న మందుల పేర్లు ఆ రోజు అడగలేదు. క్యూ పొడుగ్గా ఉంది. అది సాకు అని నాకు తెలుసు.

ఆయనకు గుండెలో లోహపు కవాటం అమర్చారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ అసిట్రోమ్ మాత్ర వేసుకుంటారు. నట్టోలో విటమిన్ కె చాలా ఎక్కువ, 100 గ్రాముల్లో సుమారు 1000 మైక్రోగ్రాములు. అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి మాత్రలు విటమిన్ కె పనిని ఆపే మందులు. మందు ఒకవైపు లాగుతుంటే ఆహారం రెండోవైపు లాగుతుంది. ఒక్కసారి తిన్నా ఆ ప్రభావం కొన్ని రోజులు ఉంటుంది. జపాన్‌లో వార్ఫరిన్ వాడేవారికి డాక్టర్లు మొదట చెప్పే పథ్యమే నట్టో మానమని. రక్తం పలచబడుతుందన్న ప్రచారం నమ్మి కొడుకు ప్రేమగా తెచ్చింది, ఆయనకు మాత్రం సరిగ్గా తిరగబడింది. మూడు వారాల తర్వాత నెలవారీ ఐ.ఎన్.ఆర్. పరీక్షలో 2.5 నుంచి 3.5 మధ్య ఉండాల్సిన అంకె 1.6కు పడిపోయింది. కవాటం మీద గడ్డ కట్టి అది మెదడుకు వెళ్తే పక్షవాతమే. డాక్టరు గారు వెంటనే కనిపెట్టి సరిచేశారు కాబట్టి సరిపోయింది. "కొత్తగా ఏం తిన్నారు?" అని ఆయన అడిగిన ప్రశ్న నేను అడగాల్సింది.

అప్పటినుంచి నా బల్ల మీద ఒక పుస్తకం పెట్టాను. వచ్చినవారు వాడే ఇంగ్లీషు మందుల పేర్లన్నీ అందులో రాశాకే నాడి పట్టుకుంటాను. మీ ఇంట్లో ఇలాంటి మాత్రలు వాడేవారుంటే నట్టో పూర్తిగా మానాలి. ఈశాన్యం వాళ్ళ అఖూనీ కూడా అదే తరహాలో పులిసిన సోయానే కనుక దానికీ అదే జాగ్రత్త. పాలకూర, తోటకూర, మునగాకుల్లో కూడా విటమిన్ కె ఉంది. వాటిని మానేయడం కాదు, ఒక వారం ఎక్కువ, ఒక వారం అసలు లేకుండా కాక ఎప్పుడూ ఒకే కొలతలో తినాలి.

ఈ విషయం మన పాత గ్రంథాలకు కొత్త కాదు. క్రీ.శ. 925లో మరణించిన మహా వైద్యుడు రాజీ ఆహారాల లాభాల గురించి, వాటి హానిని తప్పించే మార్గాల గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. యునానీలో ఏ పదార్థం గురించి చెప్పినా మూడు విషయాలు చెబుతారు. దాని మేలు ఏమిటి, అది ఎవరికి, ఏ అవయవానికి కీడు చేస్తుంది, ఆ కీడును సరిదిద్దే తోడు వస్తువు ఏది. ఆ తోడు వస్తువును ముస్లిహ్ అంటారు. మన అమ్మమ్మలు పనసపండు ఎక్కువ తింటే ఇది తాగు, మామిడిపండు తింటే అది తాగు అని చెప్పేది ఇదే. కొత్త పదార్థం వచ్చినప్పుడు దాని పేరు, రుచి మాత్రమే మన దగ్గరకు వస్తాయి. దాని ముస్లిహ్ ఆ దేశంలోనే ఉండిపోతుంది. ప్రమాదమంతా అక్కడే.

ఐస్‌లాండ్ వాళ్ళు తినే గ్రీన్‌లాండ్ సొరచేప పచ్చిది విషం. వాళ్ళు దాన్ని పులియబెట్టి, నెలల తరబడి గాలికి ఆరబెట్టాకే తింటారు. ఆ పద్ధతి వదిలేసి చేపను మాత్రం పట్టుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

మన ఊరి సంగతికి వద్దాం. రంజాన్ రాత్రుల్లో శివాజీనగర్, ఫ్రేజర్ టౌన్ వైపు తిరిగే తెలుగు పిల్లలు పాయా, భేజా, కలేజీ, గుర్దా అన్నీ ఒకే రాత్రి లాగించేస్తారు. పాయా అంటే మేక కాళ్ళ సూప్. నీరసించిన ఒంటికి మంచిదని మేమే చెబుతాం. కానీ కాలేయం, మూత్రపిండం లాంటి లోపలి భాగాల్లో యూరిక్ ఆమ్లాన్ని పెంచే పదార్థం ఎక్కువ. నఖ్రస్ అనే కీళ్ళ జబ్బు ఉన్నవారికి ఇలాంటి విందు తిన్న రాత్రే కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ప్రాణం పోతుంది. దానికి సూరంజాన్ అనే దినుసు యునానీలో శతాబ్దాలుగా ఉంది, ఇంగ్లీషు వైద్యంలో వాడే కాల్చిసిన్ మందు కూడా ఆ జాతి మొక్కదే. కానీ మోతాదు దాటితే అది విషం. దినుసుల అంగట్లో కొని సొంతంగా మింగవద్దు. యూరిక్ ఆమ్లం ఎక్కువ ఉందని తెలిసినవారు పాయా రసం అరకప్పు నిమ్మరసంతో తాగి, లోపలి భాగాల జోలికి పోకుండా ఇంటికి రండి.

ఒంటె మాంసం, గాడిద మాంసం గురించి కూడా అడుగుతున్నారు. ఒకప్పుడు రంజాన్ నెలలో ఇక్కడ ఒంటె మాంసం అమ్మేవారు. బాపట్ల, ప్రకాశం, పశ్చిమ గోదావరి వైపు గాడిద మాంసం తింటే బలం వస్తుందని, ఆయాసం తగ్గుతుందని నమ్మకం. మన దేశపు ఆహార భద్రతా నిబంధనల్లో మాంసం కోసం చెప్పిన జంతువుల జాబితాలో ఈ రెండూ లేవు. అంటే పరీక్షించి ముద్ర వేసే పశువైద్యుడు ఉండడు. ఏ రోగంతో చచ్చిన జంతువో మీకు తెలియదు. పైగా 2012 లెక్కల్లో దేశంలో 3.2 లక్షల గాడిదలుంటే 2019 నాటికి 1.2 లక్షలే మిగిలాయి. ఆయాసానికి నా దగ్గరా మందులున్నాయి, డాక్టర్ల దగ్గర అంతకన్నా వేగంగా పనిచేసే పంపులున్నాయి. దానికోసం గాడిద ప్రాణం తీయనక్కర్లేదు.

ఉసిళ్ళ గురించి మాత్రం నాకు మనసులో మెత్తని మూల ఉంది. మా మదనపల్లె వైపు ఈసుళ్ళు అనేవాళ్ళం. తొలకరి పడిన రాత్రి పుట్టలోంచి రెక్కల చెదలు లేస్తే దీపం పెట్టి, కింద గిన్నెలో నీళ్ళు పెట్టి పట్టేవారు. రెక్కలు చెరిగి, వేయించి, వేయించిన బియ్యం, బెల్లం కలిపి పిల్లలకు పంచేవారు. నాకు అవి జీడిపప్పుల్లా ఉండేవి. మా తమ్ముడికి మాత్రం ఒళ్ళంతా దద్దుర్లు లేచేవి. వాడికి రొయ్యలు కూడా పడవు. ఆ రెండింటికీ సంబంధం ఉందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. రొయ్యలు, పీతల్లో ఎలర్జీ తెప్పించే మాంసకృత్తి పురుగుల్లో కూడా ఉంటుంది. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చదివి, ఇప్పుడు చాలా మంది దాన్ని తెప్పించుకుంటున్నారు. రొయ్యలు పడనివారు చీమలు, మిడతలు, పట్టుపురుగులు ఏవీ ముట్టవద్దు. తిన్నాక పెదవులు వాచినా, గొంతు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా ఏ కషాయం కాయకండి, నాకు ఫోన్ కూడా చేయకండి. నేరుగా ఆసుపత్రి.

తేనె అంటే మాకు ప్రాణం, సగం మందులు దానితోనే కలుపుతాం. ఇప్పుడు నేపాల్ కొండల నుంచి మత్తు తేనె అని ఇంటర్నెట్లో అమ్ముతున్నారు. అక్కడి రోడోడెండ్రాన్ పూల మకరందంలో ఉండే విషం ఆ తేనెలోకి వస్తుంది. క్రీ.పూ. 401లో నల్లసముద్రం ఒడ్డున గ్రీకు సైనికులు అలాంటి తేనె తిని గుంపులు గుంపులుగా పడిపోయిన సంగతి వాళ్ళ చరిత్రలోనే ఉంది. వాంతులు, కళ్ళు తిరగడం, రక్తపోటు పడిపోవడం, గుండె నెమ్మదించడం దాని లక్షణాలు. బి.పి. మాత్రలు వేసుకునేవారికి చెంచాడు కూడా ప్రమాదమే.

ఇక పొగలు వచ్చే బిస్కెట్లు, పొగ పాన్. ఇది ఏ దేశపు సంప్రదాయమూ కాదు, ఉత్త తమాషా. ఆ పొగ ద్రవ నైట్రోజన్‌ది, చల్లదనం మైనస్ 196 డిగ్రీలు. ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. ద్రవం పూర్తిగా ఎగిరిపోకముందే మింగితే కడుపులో ఏమవుతుందో ఊహించండి. మన బెంగళూరులోనే పెళ్ళి విందులో పొగ పాన్ తిన్న 12 ఏళ్ళ పాపకు జీర్ణాశయానికి చిల్లు పడి ఆపరేషన్ చేయాల్సి వచ్చిందని 2024లో పత్రికల్లో వచ్చింది. పెళ్ళిళ్ళ కాంట్రాక్టు ఇచ్చేటప్పుడే ఇది వద్దని చెప్పండి.

దురియన్ విషయం. నీలగిరుల్లో కూనూరు దారిలో బర్లియార్ ప్రభుత్వ తోటలో ఈ చెట్లున్నాయి. పిల్లలు పుట్టాలని దంపతులు ఆ పండు కోసం వెతుక్కుంటూ వెళ్తారు. వాసన చూస్తే సింగపూర్‌లో రైళ్ళలోకి కూడా రానివ్వరు, గుజ్జు మాత్రం మీగడలా ఉంటుంది. పిల్లలు పుడతారన్నది నమ్మకమే తప్ప నిరూపణ లేదు. ఆశతో వెళ్ళేవారిని ఎగతాళి చేయను, కానీ పండు కోసం తిరుగుతూ ఏడాది పోగొట్టుకోకుండా దంపతులిద్దరూ పరీక్షలు చేయించుకోండి. ఇద్దరూ అని మళ్ళీ చెబుతున్నాను. ఆడవారిని మాత్రమే పంపించే అలవాటు మనకు పోలేదు. పండులో చక్కెర, పొటాషియం బాగా ఎక్కువ. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి వద్దు. మద్యంతో కలిపి అసలు వద్దు. మిగిలినవారు రెండు తొనలు తిని, తర్వాత పలుచటి మజ్జిగ తాగితే సరి.

శనివారం పందెం వేసుకునే అన్నదమ్ములకు నా సలహా ఇంతే. ఒక పూటకు ఒక్క కొత్త పదార్థమే తినండి, అప్పుడు ఏది పడలేదో తెలుస్తుంది. మొదటిసారి చెంచాడు, అదీ పగటిపూట. పచ్చి చేప అయితే దాన్ని మైనస్ 20 డిగ్రీల చలిలో వారం రోజులు ఉంచారా అని అడగండి, పురుగులు చచ్చేది అప్పుడే. అడిగితే నొచ్చుకునే హోటలు మనకెందుకు? తిన్నాక బరువుగా ఉంటే సోంపు, పుదీనా మరిగించిన నీళ్ళు గాని, తేనె, వెనిగర్ కలిపిన సికంజబీన్ గాని చాలు. షుగరు ఉన్నవారు సికంజబీన్, జవారిష్‌లు అడక్కుండా వాడవద్దు, వాటిలో తీపి ఉంటుంది.

ఇక మన చెల్లెమ్మకు జవాబు. అమ్మా, నెలలు నిండేవరకు పచ్చి చేప, సగం ఉడికిన మాంసం, పచ్చి పాలతో చేసిన మెత్తని చీజ్ ముట్టుకోవద్దు. వాటిలో ఉండే లిస్టీరియా అనే క్రిమి ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. తల్లికి మామూలు జ్వరంలా వచ్చిపోయినా కడుపులో బిడ్డకు ప్రాణాపాయం. కాలేయం కూడా ఈ నెలల్లో మానండి, విటమిన్ ఎ మరీ ఎక్కువైతే బిడ్డకు మంచిది కాదు. బాగా ఉడికిన కూరలు ఏ దేశానివైనా భయం లేదు. మీ ఆయన బలవంతపెడితే ఈ పేజీ చూపించండి.

ఉత్తరం అడుగున మీరు రాసిన మాట: "ఇంకో సంగతి, సిగ్గుగా ఉంది, ఈమధ్య నాకు బలపాలు తినాలనిపిస్తోంది. రోజుకు నాలుగైదు తింటున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు."

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బలపం, మట్టి, పచ్చి బియ్యం, సుద్దముక్క మీద యావ గర్భిణుల్లో పాతకాలం నుంచీ ఉంది, యునానీ గ్రంథాలూ దాన్ని రాశాయి. గిలె అర్మనీ అనే ఎర్రమట్టిని మేం మందుగా కూడా వాడతాం, అది వేరే సంగతి. ఇలాంటి యావ చాలాసార్లు ఒంట్లో ఇనుము తగ్గిందనడానికి గుర్తు. పైగా మట్టి, బలపం మనం తిన్న తిండిలోని ఇనుమును ఒంటికి అందనివ్వవు, కొన్నిటిలో సీసం కూడా ఉండవచ్చు. అందుకని శనివారం దాకా ఆగకుండా రేపే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ చూపించుకోండి. గర్భిణికి 11 గ్రాములకు తగ్గకూడదు. తగ్గితే వాళ్ళు ఉచితంగా ఇచ్చే ఇనుము మాత్రలు వేసుకోండి. మాత్ర వేసుకున్నాక నిమ్మరసం మంచిది, టీ, కాఫీ మాత్రం గంట దూరంలో ఉండాలి. ఎవరైనా కుష్తా ఫౌలాద్ భస్మం ఇస్తామంటే గర్భంలో ఉండగా వద్దని చెప్పండి, అది ఇచ్చేవాడు హకీమే అయినా సరే. బలపం గుర్తొచ్చినప్పుడు నోట్లో నాలుగు వేయించిన శనగలు వేసుకోండి. పరీక్ష కాగితం మీద వచ్చిన అంకె నాకు కార్డు మీద రాసి పంపండి.